షోరూమ్ సర్వీసింగ్‌ను నమ్మాలంటే: కారు అప్పగించే ముందు రోజు నుంచి బిల్లు కట్టాక వారం దాకా

కారు సర్వీసింగ్‌లో మోసం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది బిల్లు. ఎనిమిది వేలు అవుతుందనుకున్నది పదమూడు వేలు దాటిందన్న బాధ. ఆ బాధ న్యాయమైనదే. కానీ నన్ను అంతకంటే ఎక్కువగా భయపెట్టేది బిల్లులో రాసి ఉండి కారులో జరగని పని. మార్చామన్న ఎయిర్ ఫిల్టర్ పాతదే ఉంటుంది. శుభ్రం చేశామన్న వెనక బ్రేకు డ్రమ్ములను విప్పి కూడా ఉండరు. అదనంగా పోయిన డబ్బు ఆ రోజుతో పోతుంది. చేయకుండా వదిలేసిన బ్రేకుల పని మాత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు బయటపడుతుంది.

ఇందులో దురుద్దేశం కంటే తొందర పాత్రే ఎక్కువని నా నమ్మకం. మెకానిక్ చేతికి పొద్దుటి నుంచి కారు వెంట కారు వస్తూనే ఉంటుంది. సాయంత్రం ఇన్ని గంటలకు డెలివరీ అని మాట ఇచ్చేసి ఉంటారు. అలాంటప్పుడు ఎవరి కంటా పడని పనులే ముందు ఎగిరిపోతాయి. కాబట్టి జరగాల్సిన ప్రతి పనీ మన కంటికి కనబడేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. అలా రెండు మూడు సర్వీసింగ్‌లు చేయిస్తే ఆ సెంటర్‌ను నమ్మవచ్చో లేదో ఎవరినీ అడగకుండానే తెలిసిపోతుంది.

1. మాన్యువల్‌లోని సర్వీస్ పట్టిక చదవండి

కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్ చాలా ఇళ్లలో డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా ఉంటుంది. దాని చివరి భాగంలో ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలి, ఏది పరీక్షిస్తే చాలు అన్న పట్టిక ఉంటుంది. సర్వీస్ అడ్వైజర్‌తో, అంటే సెంటర్‌లో మీ కారు తీసుకుని పని రాసుకునే ఉద్యోగితో, మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. మీ కారు చేరుకున్న కిలోమీటర్ల గడిలో ఏమున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి.

మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే కార్లలో చాలావాటికి మొదటి కొన్ని సర్వీసింగ్‌లు ఉచితం అంటారు. అక్కడ ఉచితమయ్యేది కూలి మాత్రమే. ఆయిల్, ఫిల్టర్ల వంటివి మార్చాల్సి వస్తే వాటి ధర మీరే కట్టాలి. ఆ తర్వాత సాధారణంగా పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది. ఇంట్లోంచి పని చేస్తూ ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లే తిప్పేవాళ్లు 'ఇంకా పది వేలు కాలేదు కదా' అని ఆగకూడదు. ఆయిల్ కాలంతో కూడా పాడవుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ అది తక్కువ వేడికే మరిగి, గట్టిగా బ్రేకులు వాడాల్సి వచ్చినప్పుడు పెడల్ మెత్తబడుతుంది. అందుకే చాలా మాన్యువళ్లలో దానికి రెండేళ్ల గడువు ఉంటుంది. సర్వీసింగ్‌లో తరచూ మరిచిపోయే పనుల్లో ఇదొకటి.

'కఠిన పరిస్థితులు' అన్న శీర్షికతో మరో పట్టిక కూడా ఉంటుంది. దుమ్ము, చిన్న చిన్న దూరాలు, ఆగుతూ కదిలే ట్రాఫిక్ అని అందులో రాసినవి చదివితే హైదరాబాద్ గురించే రాసినట్లు ఉంటుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి సాయంత్రం గంట పడితే ఓడోమీటర్ పది పన్నెండు కిలోమీటర్లే చూపిస్తుంది. ఇంజిన్ మాత్రం గంటసేపు తిరిగింది. రోజూ అలా నడిచే కారుకు ఆ రెండో పట్టికే సరైనది. ముఖ్యంగా ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ విషయంలో.

చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్లో మోడల్, ఊరు, కిలోమీటర్లు ఎంచుకుంటే సర్వీసింగ్ ఖర్చు అంచనా చూపిస్తాయి. అది కూడా ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

2. ఎక్కడికి, ఏ రోజు

కారు కొన్న షోరూమ్‌కే వెళ్లాలన్న నియమం లేదు. డీలరు వేరు, కార్ల కంపెనీ వేరు. పెద్ద కంపెనీలకు నగరంలో కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా వేర్వేరు డీలర్ల సర్వీస్ సెంటర్లు ఉన్నాయి. అధీకృత సెంటర్ ఏదైనా వారంటీ చెల్లుతుంది. అద్దం వెనక నుంచైనా పని జరిగే చోటును చూడనిచ్చే సెంటర్‌ను ఎంచుకోండి.

వారం మధ్యలో, పొద్దున మొదటి వేళకు బుక్ చేయండి. శని, ఆదివారాల్లో రద్దీ. సంక్రాంతికి, దసరాకు ముందు వారం అసలే వద్దు. విజయవాడ హైవే ఎక్కబోయే కార్లన్నీ ఆ వారమే వచ్చి నిలబడతాయి. ఇంటికి వచ్చి కారు తీసుకెళ్లే సదుపాయం సుఖంగానే ఉంటుంది కానీ, ఒక సెంటర్‌తో మొదటి రెండు సార్లూ దాన్ని వాడకండి. అడ్వైజర్‌తో ముఖాముఖి మాట్లాడే అవకాశం పోతుంది.

3. ముందు రోజు సాయంత్రం: గుర్తులు, ఫొటోలు

దీనికి పావుగంట చాలు. ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటిస్తానంటే నేను దీన్నే పాటించమంటాను.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు చాలా కార్లలో చేత్తోనే విప్పుకోవచ్చు. ఫిల్టర్ అంచు మీద, మామూలుగా చూస్తే కనబడని మూల, పర్మనెంట్ మార్కర్‌తో చిన్న చుక్క పెట్టండి. ఏసీ ఫిల్టర్ చాలా మోడళ్లలో ఎడమ సీటు ముందున్న అర వెనక ఉంటుంది. దానికీ అదే చుక్క. ఆయిల్ ఫిల్టర్ పైనుంచి కనబడే కార్లయితే దాని మీద కూడా. ఒక సర్వీస్ సెంటర్ నాకు కొత్త ఎయిర్ ఫిల్టర్ ధర వేసిన బిల్లు ఇచ్చింది. పెట్టె తెరిస్తే నేను పెట్టిన నల్ల చుక్క అలాగే కనిపించింది. వాదన అవసరమే రాలేదు. అడ్వైజర్ ఆ చుక్కను చూశాడు, పది నిమిషాల్లో కొత్త ఫిల్టర్ వచ్చింది.

టైర్లను ముందు వెనకలు మార్చమని చెప్పబోతుంటే, ఏ టైరు ఎక్కడుందో లోపలి వైపున సుద్దతో రాసుకోండి. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల తయారీ సంఖ్యను కూడా ఫొటో తీయండి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. స్టెప్నీని మరవకండి.

తర్వాత ఓడోమీటరు, ఇంధనం ముల్లు, బ్యాటరీ మీది సీరియల్ నంబరు, కారు నాలుగు వైపులా ఉన్న గీతలు ఫొటో తీయండి. ట్రిప్ మీటరును సున్నా చేయండి. ఆర్‌సీ నకలు, బీమా కాగితాలు తప్ప విలువైనవన్నీ బయటికి తీసేయండి. డ్యాష్‌క్యామ్ ఉంటే అది ఆన్‌లో ఉంటుందని పొద్దున అడ్వైజర్‌కు చెప్పండి. దొంగచాటుగా పెట్టాల్సిన పని లేదు. ఉందని తెలిస్తేనే దాని ప్రయోజనం.

డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి పాత ఆయిల్ మట్టం, రంగు కూడా చూసి పెట్టుకోండి. రేపు పోల్చుకోవడానికి కావాలి.

4. జాబ్ కార్డు

మీ కారుకు ఏం జరగాలో చెప్పే పత్రం జాబ్ కార్డు. అందులో లేని పని గురించి తర్వాత ఎంత అడిగినా ప్రయోజనం ఉండదు. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

సమస్యను మీరు గమనించినట్లే చెప్పండి, మందు మీరు రాయకండి. 'డిస్కులు మార్చండి' అంటే డిస్కులు మార్చి డబ్బు తీసుకుంటారు, వణుకు మిగిలే ఉండవచ్చు. 'ఎనభై వేగంలో బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణుకుతోంది' అని రాయించండి. 'స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర టక్కున శబ్దం వస్తోంది' అని రాయించండి. వీలైతే అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి ఆ శబ్దం వినిపించండి. నగరం గుంతల్లో తిరిగే కార్లకు సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, రబ్బరు బుష్‌లు అరగడం మామూలే. శబ్దం ఎక్కడిదో విన్న మనిషి చెబితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

ఆ పైన మూడు వాక్యాలు తప్పకుండా రాయించండి. మార్చిన పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలి. ఎస్టిమేట్‌లో లేని పని ఏదైనా ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాకే చేయాలి. బ్రేక్ ప్యాడ్ల మందం మిల్లీమీటర్లలో, బ్యాటరీ వోల్టేజీ అంకెల్లో రాసివ్వాలి. వారంటీ కింద మార్చిన భాగాలను కంపెనీకి పంపాల్సి ఉంటుంది కాబట్టి వాటిని ఇవ్వరు, అది న్యాయమే. మిగతావి మీ సొత్తు.

ఇప్పుడు చాలా చోట్ల ట్యాబ్ మీద సంతకం అడుగుతున్నారు. తెర పైకి కిందికి జరిపి మొత్తం చదివి, నకలు మీ ఫోనుకు వచ్చాకే సంతకం చేయండి. 'రొటీనే సార్' అన్నా సరే.

5. అదనపు సేవలకు ఎలా జవాబు చెప్పాలి

జాబ్ కార్డు రాస్తూ ఉండగానే ఈ జాబితా మొదలవుతుంది. ఇంజిన్ కోటింగ్, ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్, ఏసీ డిసిన్ఫెక్టెంట్, నైట్రోజన్, రబ్బింగ్ పాలిష్. వీటిని అమ్మితే చాలా సెంటర్లలో అడ్వైజర్లకు నెలవారీ లక్ష్యాలు, ప్రోత్సాహకాలు ఉంటాయి. ఆ యువకుడి మీద కోపం అనవసరం. అతని జీతం అలా కట్టి ఉంది. మీరు అడగాల్సింది ఒక్కటే: 'ఇది మాన్యువల్ పట్టికలో ఎక్కడుందో చూపించండి.'

ఒక్కొక్కటిగా నా అభిప్రాయం చెబుతాను. ఇంజిన్ ఫ్లష్, అంటే రసాయనంతో ఇంజిన్ లోపల కడగడం, సమయానికి ఆయిల్ మార్చే కారుకు అక్కర్లేదు. ఇంజెక్టర్ క్లీనింగ్ పికప్ తగ్గడం, కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నిలకడగా తిరగకపోవడం వంటి లక్షణం ఉంటే చేయించాలి, ఇరవై వేలు తిరిగిందన్న కారణంతో కాదు. ఇంజిన్ కోటింగ్ మెరుపు కోసమే. అండర్‌బాడీ కోటింగ్ విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఆలోచించదగ్గదే, హైదరాబాద్‌లో ఎక్కువమందికి అవసరం లేదు. నైట్రోజన్ విషయానికొస్తే, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది. నెలకోసారి గాలి సరిచూసుకునే వాళ్లకు దానివల్ల ఒరిగేది చాలా తక్కువ.

వేసవిలో వచ్చే 'ఏసీ గ్యాస్ నింపాలి' అన్న మాట దగ్గర ప్రత్యేకంగా ఆగండి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏడాదిలోనే తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. లీకు ఎక్కడో చూపించకుండా గ్యాస్ నింపితే వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అదే ఖర్చు. చల్లదనం తగ్గితే ముందు ఏసీ ఫిల్టర్ చూడమనండి. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరే చాలాసార్లు అసలు కారణం.

'ఇది చేయించకపోతే వారంటీ పోతుంది' అంటే, ఆ మాటను జాబ్ కార్డు మీద రాసి సంతకం చేయమని మర్యాదగా అడగండి. నిజమైతే రాస్తారు.

అయితే అదనంగా చెప్పిందల్లా అబద్ధం అనుకోవడం కూడా ప్రమాదమే. అరిగిన బ్రేక్ ప్యాడ్లు, పగుళ్లు వచ్చిన బెల్టు, పక్కగోడ ఉబ్బిన టైరు, ఆయిల్ కారుతున్న షాక్ అబ్జార్బర్ వంటివి మెకానిక్ కనిపెట్టి చెబితే అది మీకు చేసిన మేలు. చూపించమనండి, కనీసం ఫొటో పంపమనండి. ప్యాడ్లు సాధారణంగా కొత్తప్పుడు పది మిల్లీమీటర్ల దాకా ఉంటాయి, మూడుకు దగ్గరయితే మార్చాలి. టైర్ల గాడిలో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న అడ్డుగట్లు ఉంటాయి, అరుగుదల వాటిని తాకితే ఇక ఆ టైరు పని అయిపోయింది. ఇలా అంకె చెప్పగలిగిన సలహాను నేను నమ్ముతాను. వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, కూడా మన రోడ్లకు నిజంగా అవసరమే. ముందూ తర్వాతా కోణాలు చూపే ప్రింటు అడిగి తీసుకోండి.

6. పని జరిగేటప్పుడు

రోజంతా కూర్చోనక్కర్లేదు. కారు లిఫ్ట్ మీదికి ఎక్కే సమయం అడిగి, ఆయిల్ దింపి ఫిల్టర్ మార్చే పావుగంట మాత్రం అక్కడ ఉండండి. ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్ట్‌కు కొత్త వాషర్ వేస్తున్నారా, డ్రమ్ము నుంచి పోసే ఆయిల్ గ్రేడు మాన్యువల్‌లో ఉన్నదేనా అన్నవి చూడండి. బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లకు పొగ వడపోసే ఫిల్టర్‌ను పాడుచేయని ప్రత్యేక ఆయిల్ కావాలి, గ్రేడు అంకెలు ఒక్కటే కుదిరితే చాలదు. మెకానిక్‌ను 'అన్నా' అని పలకరించి కారు గురించి మీకు తెలిసింది చెప్పండి. తన పనిని శ్రద్ధగా చూసే యజమాని కారు మీద అతనికీ శ్రద్ధ పెరుగుతుంది.

7. డెలివరీ: డబ్బు కట్టక ముందు

వాటర్ వాష్ తడి ఆరకముందే తాళం చేతికిచ్చి కౌంటర్ వైపు నడిపిస్తారు. మీరు మాత్రం ముందు కారు దగ్గరికి వెళ్లండి.

సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తీయండి. మట్టం రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉండాలి. పై గుర్తు దాటినా మంచిది కాదు, ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి ఇంజిన్‌కు హాని చేస్తుంది. పెట్రోల్ కారయితే కొత్త ఆయిల్ తేనె రంగులో పారదర్శకంగా ఉంటుంది. డీజిల్ కారులో రంగు చూసి తీర్పు చెప్పకండి. ఇంజిన్‌లో మిగిలిన మసి వల్ల కొత్త ఆయిల్ కూడా త్వరగా నల్లబడుతుంది. అక్కడ మీరు కళ్లతో చూసిన పావుగంటే సాక్ష్యం.

తర్వాత చుక్క పెట్టిన ఫిల్టర్లు, సుద్ద రాసిన టైర్లు. చక్రాల బ్యాలెన్సింగ్ (బరువు అన్ని వైపులా సమంగా సర్దడం) చేసి ఉంటే రిమ్ములకు మెరిసే కొత్త బరువు ముక్కలు అతికించి ఉంటాయి. స్టెప్నీలో గాలి చూడండి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చామంటే డబ్బాలో అది లేత రంగులో కనబడాలి, ముదురు గోధుమ రంగులో ఉండకూడదు. పాత భాగాల సంచి తెరిచి బిల్లుతో లెక్క సరిచూడండి. ఓడోమీటరును నిన్నటి ఫొటోతో పోల్చండి. టెస్ట్ డ్రైవ్‌కు కొన్ని కిలోమీటర్లు సహజం, ఇరవై ముప్పై అయితే కారణం అడగండి. చివరగా మీరే ఒక చుట్టు నడిపి, రాయించిన ప్రతి ఫిర్యాదునూ పరీక్షించండి.

ఇక బిల్లు. ఆయిల్ పరిమాణం మాన్యువల్‌తో కుదరాలి. చిన్న పెట్రోల్ కార్లకు చాలావాటికి మూడు నుంచి మూడున్నర లీటర్లు చాలు, నాలుగున్నర వేస్తే ప్రశ్నించండి. జనరల్ సర్వీస్ కూలిలోనే ఉండాల్సిన బ్రేకు క్లీనింగ్‌ను మళ్లీ విడిగా వేశారేమో చూడండి. 'కన్స్యూమబుల్స్' (పనిలో వాడి అయిపోయే చిన్న సరుకులు) అని ఒక్క ముక్కలో రాసిన మొత్తానికి వివరం అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నింటి మీదా జీఎస్‌టీ 18 శాతమే. పాత 28 శాతం ఎక్కడైనా కనబడితే సరిచేయించండి.

8. మొదటి వారం

రాత్రి పార్కింగ్‌లో ఇంజిన్ కింద ఒక పాత అట్ట పరిచి ఉంచండి. పొద్దుటికి ఆయిల్ చుక్క పడితే డ్రెయిన్ బోల్ట్ గానీ ఫిల్టర్ గానీ సరిగా బిగియలేదని అర్థం, ఆ రోజే వెనక్కి తీసుకెళ్లండి. టైర్ల గాలిని చల్లగా ఉన్నప్పుడు డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ ప్రకారం సరిచూడండి. కారులో ఉన్న స్పానర్‌తో చక్రాల నట్లు మీ చేత్తో వదులవుతున్నాయో లేదో ఒకసారి ప్రయత్నించి, మళ్లీ గట్టిగా బిగించండి. గాలి గన్నుతో మరీ బిగిస్తే పంక్చరైన రోజున రోడ్డు పక్కన ఊడవు.

రెండు మూడు రోజుల్లో అభిప్రాయం అడుగుతూ ఫోను వస్తుంది. 'పదికి పది ఇవ్వండి సార్' అని అడ్వైజర్ ముందే బతిమాలి ఉంటాడు. ఆ మార్కులను కంపెనీలు డీలరు పనితీరు కొలవడానికి వాడతాయి. కాబట్టి పని బాగుంటే మనసారా ఇవ్వండి, మెకానిక్ పేరు కూడా చెప్పండి. బాగోలేకపోతే ఏ పని జరగలేదో చెప్పి తక్కువ ఇవ్వండి. మొహమాటానికి ఇచ్చిన పది మీ తర్వాత వచ్చే యజమానికి నష్టం.

9. తేడా వస్తే

ముందు వర్క్స్ మేనేజర్‌ను కలవండి. ఫొటోలు, చుక్కలు ఉంటే చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే డీలరుకు, కార్ల కంపెనీకి ఒకే ఈమెయిల్‌లో జాబ్ కార్డు, బిల్లు, ఫొటోలు జతచేసి పంపి, జవాబుకు ఒక గడువు పెట్టండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దానికీ కదలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంట్లోంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. గడువు రెండేళ్లు.

10. వారంటీ అయ్యాక

వారంటీ ఉన్నంతకాలం షోరూమ్‌లోనే చేయించడం మేలని నా సలహా. 2014లో వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా పద్నాలుగు కార్ల కంపెనీలకు జరిమానా వేస్తూ, బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదని ఆదేశించింది. ఆ ఆదేశం మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. సూత్రం మన పక్షానే ఉన్నా, ఖరీదైన భాగం పాడైన రోజున వాదించుకోవాల్సిన భారం యజమాని మీదే పడుతుంది.

వారంటీ తీరాక బయట మంచి గ్యారేజీ దొరికితే నిస్సంకోచంగా మారవచ్చు. మార్చే ముందు అక్కడ ఒక ఆయిల్ మార్పిడి వంటి చిన్న పని చేయించి, పైన చెప్పిన గుర్తులన్నీ అక్కడ కూడా పెట్టి చూడండి. భాగాలు మీరే కొనిస్తానంటే సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ దుకాణాల్లో దొరుకుతాయి. కంపెనీ ప్యాకింగ్, హోలోగ్రామ్ చూసి, జీఎస్‌టీ బిల్లుతోనే కొనండి. నకిలీ ఆయిల్ ఫిల్టర్ మిగిల్చే వంద రూపాయల కోసం ఇంజిన్‌ను పణంగా పెట్టకండి. గ్యారేజీ చిన్నదైనా ప్రతిసారీ తేదీ, ఓడోమీటరు అంకె, ఆయిల్ గ్రేడు రాసిన బిల్లు తీసుకుని ఒకే ఫైలులో దాచండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముందు అడిగేది ఆ ఫైలునే.